మీటరు బాబాయి కొలతలు

మీటరు బాబాయికి ఒకటే పిచ్చి. రేడియేషన్ మీటరు పెట్టి చూడందే ఈ లోకంలో దేన్నీ నమ్మడు. తడిసిన గొడుగు, మేనేజరు బూట్లు, డ్రైవరు అన్నం డబ్బా, అన్నిటికీ కొలత పడాల్సిందే. కొత్త అల్లుడు గుమ్మంలోకి వస్తే తల నుంచి కాళ్ళ దాకా కొలిచి, "పరవాలేదు, లోపలికి రా బాబూ" అన్నాడట.

భార్య ఒళ్ళు మండి, "నా కోపం కూడా కొలవండి" అంది. "దానికి ఈ మీటరు చాలదే" అన్నాడు. ఆ పూట తనకు తిండి లేదని ఆయనే అందరికీ చెప్పుకుని నవ్వాడు.

ఆయన చేసే పనీ రేడియేషన్‌తోనే. మూతపడిన ఫ్యాక్టరీ నుంచి కారిన రేడియోధార్మిక విషం చుట్టుపక్కల మట్టిలోకి ఇంకింది. ఆ నేలను తడిపి, కడ్డీలు పాతి, కరెంటు పెడితే విషం మెల్లగా ఒక కడ్డీ వైపు జరుగుతుంది. అక్కడ చేరినదాన్ని తోడేస్తారు. నెలలు పట్టే పని.

"ఎప్పటికవుతుంది బాబాయ్?" అని అక్కడ పనివాళ్ళకు టీ పోసే క్యాంటీన్ అక్క రోజూ అడిగేది. విషం ఇంకిందని కంచె వేసిన నేలలో ఆమె పెరడూ ఉంది. ఇల్లు కంచె పక్కనే.

"నత్తను బజారుకు పంపాం అమ్మాయ్. నడిచి వెళ్ళొద్దూ?" అంటూనే ఆయన ఆమె టీ కెటిల్‌కు మీటరు పెట్టేవాడు. అక్కకు చిర్రెత్తుకొచ్చేది.

"నిన్న కొలిచారుగా?"

"అది నిన్నటి టీ."

ఆపైన, "శుభ్రంగా ఉంది" అని అందరికీ వినపడేలా చెప్పి, మొదటి గ్లాసు తనే తాగేవాడు.

ఒకసారి బాబాయికి జ్వరం వచ్చింది. ఆయన బదులు వచ్చిన ఇంజనీరు బూట్ల జోలికీ గొడుగుల జోలికీ పోలేదు. నేరుగా అక్క దగ్గరికి వచ్చి, "మీ ఇల్లు కంచె పక్కనేగా?" అని ఆమె కెటిల్ ఒక్కటే కొలిచాడు. మీటరు ఏమీ చూపలేదు. అయినా గ్లాసుల కోసం చాచిన చేతులు వెనక్కి వెళ్ళాయి. టీ అంతా మిగిలిపోయింది. ఇలాగే సాగితే క్యాంటీన్ మూసుకోవాల్సిందేనని అక్కకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తన చేతి టీ జనం ఎలా తాగారో అప్పుడు అర్థమైంది.

జ్వరం తగ్గిన బాబాయి గేటు దగ్గరే మొదలుపెట్టాడు. బూట్లు, గొడుగులు, డబ్బాలు అన్నీ అయ్యాక అక్క వంతు వచ్చింది. "శుభ్రంగా ఉంది" అన్నాడు, గ్లాసు అందుకున్నాడు. వెనకాలే అందరూ చేతులు చాచారు.

"నా ఒక్కదాని కోసం ఇంతమందినీ కొలుస్తున్నారా బాబాయ్?" అని అక్క గొంతు తగ్గించి అడిగింది.

"నాకు పిచ్చని లోకమంతా చెబుతుంటే నీకెందుకమ్మా అనుమానం?"

"మరి అల్లుణ్ణి ఎందుకు కొలిచారు?"

బాబాయి కూడా గొంతు తగ్గించాడు.

"వాడి మీద మాత్రం నాకు నిజంగానే అనుమానం."

అక్క నవ్వాపుకోలేక రెండో గ్లాసు పోసింది. బాబాయి దాన్ని కొలవకుండానే తాగేశాడు.