కింది ఇంటి పళ్ళెం

అలివేలుకు ఈర్ష్య ఎక్కువ. ఈ మాట నేను చాటుగా చెప్పడం లేదు. ఆమె ముఖం మీదే చాలాసార్లు అన్నాను, ఆమె కూడా ఎప్పుడూ కాదనలేదు. బళేపేటలో గాజుల అంగళ్ళ వెనక సందులో వాళ్ళ ఇంటికి ఎదురిల్లు నాది. సందు ఎంత ఇరుకంటే, వాళ్ళ పొయ్యి మీద చారు పొంగితే నా ఇంట్లో నేను లేచి చూసుకుంటాను. కాబట్టి వాళ్ళ సంగతులు నాకు తెలియడానికి నేను చెవి రిక్కించాల్సిన పని లేదు. రిక్కించలేదని మాత్రం అనను.

కింద అన్న మునిరాజు కాపురం. గాజుల అంగడి అతనిది. భార్య అనసూయ, ఒక కూతురు చైత్ర. పైన తమ్ముడు మంజునాథ్. అతనికి బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టుల మీద షిఫ్టులు, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్ర. అతని భార్యే అలివేలు. హిందూపురం నుంచి కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఆమె కన్ను తోడికోడలి మీదే. అనసూయ చీర కుచ్చిళ్ళు కుదురుగా ఉంటాయి. అనసూయ పెట్టిన ఆవకాయ ఏడాదంతా నిలుస్తుంది. అనసూయ కూతురు బడి నుంచి వస్తూనే కన్నడ పద్యం, ఇంగ్లీషు పాట గడగడా అప్పజెప్తుంది. చూసిన ప్రతిసారీ అలివేలుకు కళ్ళు కుట్టేవి.

అందుకే కొడుకు పుట్టినప్పుడు ఆమె ఆనందంలో సగం బిడ్డ కోసం, సగం కింది ఇంటి వాళ్ళకు చూపించడం కోసం. చేతన్ నిజంగానే ముద్దుగా ఉండేవాడు. త్వరగా నడిచాడు. అంగట్లో వదిలితే అల్లరి లేదు, గాజులన్నీ నేల మీద రంగు పక్కన రంగు పెట్టి గోడ దాకా వరుస పేర్చేవాడు. ఎవరైనా ఒక్క గాజు కదిపితే మాత్రం సందంతా అదిరేలా ఏడ్చేవాడు.

“చూడత్తా, ఎంత బుద్ధో! ఇప్పటినుంచే యాపారం నేర్చుకుంటా ఉండాడు” అని అలివేలు నాతో చెప్పి మురిసిపోయేది. మేమందరం నవ్వేవాళ్ళం. అనసూయ ఒక్కతే నవ్వేది కాదు.

ఒక రోజు ఆమె అనేసింది కూడా. “అలివేలూ, పేరు పెట్టి పిలిస్తే వాడు తిరిగి చూసేదే లేదు. చెవుడంటామా, చిప్సు పాకెట్టు చింపితే ఆ కొస నుంచి వస్తాడు. ఏదన్నా కావాలంటే వేలు పెట్టి చూపించడు, మన చెయ్యి పట్టుకొని దాని మీద పెడతాడు. మూడో ఏడు దగ్గరికొస్తా ఉండాది, అమ్మ అని కూడా అనడు. ఒకసారి డాక్టరుకి చూపిద్దామా?”

“మగపిల్లోళ్ళకి మాటలు ఆలస్యమే. మా అన్న నాలుగేండ్లకి మాట్లాడినాడు. నీ కూతురు మాట్లాడుతుందని నా బిడ్డకి వంక పెట్టాల్నా?” అని అలివేలు మెట్లెక్కి తలుపు వేసుకుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. ఇక్కడ తోడికోడలు నవ్వనందుకు వచ్చింది తంటా.

డాక్టరు మాట అలా అటకెక్కింది. అయితే అలివేలుకు లోపల భయం లేకపోలేదు. వాడి మెదడుకు బలం చాలడం లేదని, మంచి తిండి పడితే మాటలు అవే వస్తాయని ఫోన్లో ఎవరో చెప్పారు. ఇక మొదలుపెట్టింది. ఇడ్లీపిండిలో రాగిపిండి కలిపేది. పెరుగన్నంలో క్యారెట్ రసం, పప్పులో మునగాకు వాడికి కనపడకుండా నూరి దాచేది. పాలు, గోధుమలు మానిపిస్తే మాట్లాడతారని ఇంకో వీడియోలో చూసి అవి మానిపించింది. ఆ వారం వాడు మిగతావి కూడా మానేశాడు.

వాడి పద్ధతి నేను చూశాను. ముందు వాసన చూస్తాడు, ఒక్క వేలితో తాకుతాడు. తెల్లగా ఉండాల్సింది కొంచెం పచ్చగా ఉన్నా నెట్టేస్తాడు. ఒకసారి నెట్టేశాడంటే ఆ పదార్థం ముఖం మళ్ళీ చూడడు. అలా అలివేలు ఎంత తెలివిగా దాచితే, వాడు తినేవాటిలో ఒక్కోటి అంత తొందరగా రాలిపోయింది. ఆమె గిన్నె పట్టుకుని వాడి వెనకే పరిగెత్తేది. పాటలు పాడేది, చప్పట్లు కొట్టేది, బతిమాలేది, చివరికి వీపు మీద ఒకటి వేసేది. వాడు చెవులు మూసుకుని కిందికి దిగిపోయేవాడు.

అక్కడ మాత్రం తినేవాడు.

అనసూయ చేసేది పెద్దగా ఏమీ లేదు. గుంటలున్న స్టీలు పళ్ళెంలో అన్నం ఒక గుంటలో, గట్టిపప్పు ఒక గుంటలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టి, గోడ మూల ఆ పళ్ళెం ఉంచి, వాడి వైపు చూడకుండా వెళ్ళి అనపకాయలు ఒలుచుకునేది. తిను అనేది కాదు. వాడు గోడ వైపు తిరిగి ఒక్కో మెతుకూ తినేవాడు. చైత్ర సంబరంగా పైకి అరిచేది: “పిన్నీ, తమ్ముడు మా ఇంట్లో మొత్తం తిన్నాడూ!”

ఆ అరుపు విన్నప్పుడల్లా అలివేలు వచ్చి మెట్ల మధ్యలో కూర్చునేది. అక్కడి నుంచి వంటింటి మూల కనపడుతుంది. కొడుకు తినడం చూసి తల్లి కళ్ళు నిండాలి కదా, ఆమె కళ్ళలో నిప్పులు పోసుకునేది. “ఉన్న కూతురు చాలదా దానికి? నా కడుపున పుట్టినోడు దాని పళ్ళెంలో తింటా ఉండాడత్తా. నా చెయ్యి ఏమన్నా చేదా?” అని నా దగ్గర ఏడ్చేది. సందులోవాళ్ళు “పొరుగింటి పుల్లకూర రుచి” అని వేళాకోళం చేశారు. ఆ మాటకు ఆమె రెండు రోజులు కొళాయి దగ్గరికి కూడా రాలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. వాడు తన పళ్ళెంలో తినాలి. ఒక్కసారైనా.

మా వైపు ఒక నమ్మకం ఉంది. మొగుడు వేరేదాని వైపు తిరిగినా, కొడుకు అత్తగారి మాట పట్టుకుని అమ్మను మరిచినా, ఎవరో తిండిలో మందు పెట్టారంటారు. అది కడుపులో అతుక్కుని మనసును అటు లాగుతుందట. కక్కిస్తే గాని దిగదట. చదువుకున్నవాళ్ళు కూడా నమ్మే మాట ఇది, అలివేలుకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. చందాపుర అవతల అలాంటి మందు దించేవాడు ఒకడున్నాడని విని, మొగుడికి చెప్పకుండా బిడ్డను చంకనేసుకుని బస్సెక్కింది.

ఆ మందు దించేవాడు ఆకు పసరు ఇచ్చాడు. ఊరికే ఇస్తే చేతన్ తాగడని అలివేలుకు తెలుసు. అందుకని ఇంటి నుంచే సిద్ధంగా వెళ్ళింది. అన్నం ఒక డబ్బాలో, గట్టిపప్పు ఒక డబ్బాలో. మెట్ల మీద కూర్చుని చూసి చూసి నేర్చుకుంది కదా! పసరు పప్పులో కలిపి, పళ్ళెం గోడ మూల పెట్టి, అచ్చం అనసూయలాగే ముఖం తిప్పుకుంది. వాడు తిన్నాడు. తల్లి పెట్టినది అలా తినడం అదే మొదలు. తర్వాత కడుపులో పేగులు బయటికొచ్చేలా కక్కాడు.

మర్నాడు అనసూయ పళ్ళెం పెడితే, పప్పు చూడగానే వాడు కెవ్వుమని పారిపోయాడు. అలివేలు మెట్ల మీదే ఉంది. నిజం చెప్పాలంటే ఆమె ముఖం వెలిగిపోయింది. నా కిటికీ దగ్గరికొచ్చి గుసగుసగా “దిగిపోయిందత్తా, మందు దిగిపోయింది” అంది. ఏమి మందు అని అడిగి, సంగతంతా విని, నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ వెలుగు ఎంతోసేపు లేదు. వాడు పైన కూడా తినలేదు. పప్పు పోయింది, అన్నం పోయింది, ఇడ్లీ పోయింది. మానిపించిన పాలే మళ్ళీ పట్టాల్సి వచ్చింది, మిగిలింది ఆ పాలసీసా ఒకటే. కొన్నాళ్ళకు పెదవులు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. అంగట్లో మూల పడుకునేవాడు. గాజులు చెల్లాచెదరుగా పడి ఉన్నా పేర్చేవాడు కాదు. ఒకప్పుడు వాడు ఏడుస్తాడని భయపడినవాళ్ళం, ఇప్పుడు ఏడవడం లేదని భయపడ్డాం.

మంజునాథ్ సెలవు పెట్టి వాడిని భుజాన వేసుకున్నాడు. ఆసుపత్రికి అందరం వెళ్ళాం. గది ముందు అలివేలు “లోపలికి తల్లిదండ్రులు చాలు” అని అనసూయను బెంచీ మీద కూర్చోబెట్టింది. నేను పెద్దదాన్ననే హక్కుతో దూరిపోయాను.

పిల్లల డాక్టరు సమీనా మదనపల్లె అమ్మాయి, మన మాటే. చాలాసేపు పరీక్ష చేసింది. పేరు పెట్టి పిలిచింది, బంతి దొర్లించింది, అదిగో బొమ్మ అని వేలు చూపించి వాడి కళ్ళు అటు వెళ్తాయేమో చూసింది. రక్తం తీయించి ఫలితం వచ్చాక మళ్ళీ పిలిచింది.

“రక్తం బాగా తగ్గిందమ్మా. ఐరన్ లేదు. పాలు ఒక్కటే తాగితే ఇలాగే అవుతుంది, ముందు దానికి మందు మొదలుపెడదాం. రెండోది, బాబు లక్షణాలు ఆటిజంలా కనిపిస్తున్నాయి. పూర్తి పరీక్షలు చేసి తేలుస్తాం. థెరపీకి మాత్రం ఆగొద్దు, ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది.”

“నేను సరిగ్గా పెట్టనందుకా మేడం?” అంది అలివేలు.

“కాదు. తిండి వల్ల ఇది రాదు, తిండితో పోదు. మీ పెంపకం వల్లా కాదు. కానీ ఇలాంటి పిల్లల్లో చాలామందికి రుచి, వాసన, నాలుక మీద తగిలే తీరు మనకంటే గట్టిగా తెలుస్తాయి. నమ్మిన తిండిలో మీరు ఏదైనా దాచి పెడితే ఆ తిండి మీద నమ్మకం పోతుంది. అవీ ఇవీ మానిపించడం, పొడులు పోయడం మీ అంతట మీరు చేయకండి. ఇంతకుముందు ఏం తినేవాడు? ఎలా పెడితే తినేవాడు? అక్కడి నుంచే మొదలుపెడదాం.”

మంజునాథ్ భార్య వైపు చూశాడు. మెట్ల మీద నుంచి చూసినది అలివేలుకు తెలుసు. ఏ పప్పు, ఎంత గట్టిగా, వేడిదా చల్లదా, వాడు ముందు దేన్ని ముట్టుకుంటాడు? అదేమీ తెలియదు. లేచి వెళ్ళి తలుపు తీసింది.

“అక్కా, నువ్వు రా. నాకు తెలీదు. నువ్వు చెప్పు.”

అనసూయ వచ్చి చెప్పింది. కందిపప్పే తింటాడని, చల్లారితేనే ముడతాడని, తాలింపు గింజ ఒకటి కనిపించినా లేచిపోతాడని, పక్కన మిక్సీ తిరిగితే తినడని చెప్పింది. డాక్టరు రాసుకుంటూ తలెత్తి, “ఎంత బాగా గమనించారు! తల్లి మీరేనా?” అంది.

ఆ గదిలో నేను అలివేలు వైపు చూడలేకపోయాను.

“కాదు మేడం, తల్లి ఆయమ్మ. నేను సుమ్మనే, ఊరికే కింద ఇంట్లో ఉంటాను” అంది అనసూయ.

“మరి ఇవి తినడం ఎప్పుడు మానేశాడు? ఆ రోజు ఏమైనా జరిగిందా?”

అనసూయకు తెలియదు. నేను నోరు తెరవబోయాను గాని అలివేలే అందుకుంది. “నేనే చేసినా మేడం. మా అక్క వానికి మందు పెట్టిందనుకున్నా. పప్పులో పసరు కలిపి కక్కించినా” అంది. మంజునాథ్ భార్య వైపు తిరిగిన తిరుగుడుకు డాక్టరు చెయ్యి ఎత్తి ఆపింది. అనసూయ కొంగు సర్దుకుని బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

తర్వాత వాడు తేరుకోవడానికి నెలలు పట్టింది. ఐరన్ చుక్కలు, థెరపీ క్లాసులు. కావలసినది బొమ్మ చూపించి అడగడం వాడు నేర్చుకుంటున్నాడు. తిండి సంగతికి వేరే ఒక మేడం ఉంది. ఆమె చెప్పినట్టు వాడు నమ్మే వాటి పక్కన కొత్తది రవ్వంత పెట్టాలి, బలవంతం చేయకూడదు, దాచకూడదు. ముందు బొరుగులు తిన్నాడు. తర్వాత కరకరలాడే రాగిరొట్టె అంచు. ఆ తర్వాత అన్నం, అదీ కింద అనసూయ దగ్గరే. ఆమె మళ్ళీ పళ్ళెం పెట్టింది, ఎవరూ అడగకుండానే. అలివేలుతో మాత్రం కావలసినంతే మాట్లాడేది. అలివేలుకు ఈర్ష్య పోయిందా అంటే, ఎక్కడికి పోతుంది? డాక్టరు చీటీ రాస్తే పోయే జబ్బు కాదది. మెట్ల మీద కూర్చోవడం మాత్రం మానేసింది.

మొన్న ఆదివారం నేను పైన ఉన్నాను. అలివేలు గోడ దగ్గర పళ్ళెం పెట్టింది. బొరుగులు, అన్నం, చల్లారిన పప్పు ఒక చెంచా, వేటికవి. పెట్టి నా భుజం పట్టుకుని అవతలి వైపు తిప్పి, తనూ తిరిగి ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. బొరుగుల చప్పుడు వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు. ఆమె ఒకే తువ్వాలును మడుస్తూ విప్పుతూ ఉంది. చాలాసేపటికి తిరిగి చూస్తే, అన్నం లేదు. పప్పు సగం లేదు. వాడు చెయ్యి ఆమె చీరకే తుడుచుకుని కిటికీ దగ్గరికి పోయాడు. అలివేలు తువ్వాలు నోట్లో కుక్కుకుంది, ఏడుపు చప్పుడుకు వాడు ఎక్కడ బెదురుతాడోనని.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. అనసూయ సగం ఎక్కి నిలబడింది. “వాడింకా రాలేదే? తిన్నాడా?”

అలివేలు గడపలోకి వెళ్ళి నిలుచుంది. “తిన్నాడక్కా. నా దగ్గర తిన్నాడు. కాసేపు నువ్వు రావద్దు, వాడు ఈడనే ఉండనీ.”

“ఉండనీలేమ్మా. తల్లివి గదా” అని అనసూయ దిగిపోయింది. నేనూ వెనకే దిగాను. ఆమె వంటింట్లో మూల వాడికోసం వడ్డించిన పళ్ళెం మూత వేసి ఉంది. అనసూయ దాని ముందు కూర్చుంది గాని మూత తీయలేదు.

“పప్పు గూడా తిన్నాడా అత్తా?”

“కొంచెం తిన్నాడు.”

“నా దగ్గర తిన్నంతనా?”

ఇన్నేళ్ళుగా ఈర్ష్య ఆ ఇంట్లో పై అంతస్తులోనే ఉంటుందనుకున్నాను. “అంత లేదులేవే” అన్నాను. ఆ మాట విన్నాకే ఆమె మూత తీసి, ఆ పళ్ళెం ముందుకు లాక్కుని, తను తినడం మొదలుపెట్టింది.