మారెక్క ఒక్కపొద్దులు

మారెక్క మంచి మనిషి అని రాయమంటే రాయను. నోటి దురుసు, బస్సులో సీటు కోసం ఎవరితోనైనా కొట్లాట, జీన్స్ యూనిట్‌లో సూపర్‌వైజర్ మీదికి కత్తెర విసిరిన చరిత్ర. కానీ అబద్ధం చెప్పడం మాత్రం ఆమెకు చేతకాదు. ఆ సంగతి తెలిసి కూడా ఆమెను అబద్ధాలకోరుగా చూసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ కోపం చల్లారకే ఇది రాస్తున్నాను. అందులో పెద్ద వాటా నా మీదే.

రాయదుర్గంలో మా ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందు ఒక రేకుల పంచ. క్యాన్సర్ వాళ్లను, రక్తం జబ్బుల వాళ్లను చూడటానికి డాక్టర్ శశికుమార్ నెలకు రెండు బుధవారాలు వస్తాడు. మిగతా రోజుల్లో రక్తం తీయడం, మందులివ్వడం, జాగ్రత్తలు చెప్పడం నర్సుగా నా పని. బుధవారం ఒక్క పూటకు డెబ్బై మంది. మనిషికి మూడు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు ఆయన కంప్యూటర్ వైపే చూస్తాడు.

మారెక్కది కుందుర్పి దగ్గర పల్లె. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లలో వేరుశనగ వదిలేసి, మొగుడు శ్రీరంగప్పతో కలిసి రాయదుర్గం చేరింది. అతను పనికని బళ్లారి వైపు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. "పోనీలే పాపా, వాని ముద్ద గూడా నాకే మిగిలె" అంటుంది. జీన్స్ ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పనిలో కుదిరింది. పన్నెండేళ్లుగా ఆమె వేళ్లకు నీలం రంగు వదల్లేదు.

యాభై దాటాక నీరసం మొదలైంది, కడుపులో ఎడమపక్క బరువు. పరీక్ష చేస్తే నెత్తురు క్యాన్సర్ అని తేలింది. నెమ్మదిగా ముదిరే రకం. రోజూ ఒక మాత్ర మింగితే పని చేసుకుంటూ ఏళ్ల తరబడి బతకొచ్చు. మానేస్తే బతకదు. ఆ మాత్రలను ఒక సంస్థ ఉచితంగా ఇస్తుంది. సరిగా వాడనివాళ్ల పేరు కొట్టేస్తుంది.

మొదటి రోజు ఆమెను కూర్చోబెట్టి చెప్పింది నేనే.

"మారెక్కా, పొద్దున కడుపునిండా తిన్నాకనే మింగాల. ఉత్త కడుపుతో మింగితే వాంతులైతాయి. పొద్దున తప్పిపోతే ఆ దినం వదిలెయ్. సాయంత్రం మింగద్దు. మర్నాడు రెండూ కలిపి మింగద్దు."

మూడుసార్లు తిరిగి చెప్పించాను. ఎక్కంలా అప్పజెప్పింది. ఎంత బాగా నేర్పించానో అని మురిసిపోయాను. నా మొహం!

మూడు నెలల పరీక్షలో జబ్బు తగ్గాల్సినంత తగ్గలేదు. ఆరు నెలలకు పెరిగింది. రెండుసార్లూ ఆమెకు డాక్టరు చేత చీవాట్లే.

"మాత్రలు మింగుతున్నావా?"

"మీరు చెప్పినట్లే మింగుతాండా సార్."

"మరి ఎందుకు పెరుగుతోంది? చావంటే భయం లేదా నీకు?"

తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దదాన్ని నువ్వు అంటూనే అడిగాడు. జబ్బు ఎందుకు పెరుగుతోందో రోగి చెప్పాలట! మరి ఆయన చదివిందేమిటి? సూపర్‌వైజర్‌కు భయపడని మారెక్క ఆ రెండుసార్లూ తల వంచుకుని వెళ్లిపోయింది. తప్పు ఉంది కాబట్టే నోరు లేవలేదని నేను అనుకున్నాను.

తొమ్మిదో నెల పరీక్ష ఇంకా చెడ్డగా వచ్చింది. ఆ బుధవారం డాక్టరు ఒక ఫారం నా ముందుకు తోశాడు. "ఈమె మాత్రలు అమ్ముకుంటోంది సిస్టర్. బయట వీటికి బాగా గిరాకీ. సహకరించని రోగి అని రాసి పంపించండి, పేరు తీసేస్తారు." మారెక్క అక్కడే నిలబడి ఉంది. పంచలో ఉన్నవాళ్లందరికీ వినబడింది. నేను పెన్ను తీసి ఫారం మీద ఆమె పేరు రాశాను. అవును, రాశాను.

"ఏమంటివప్పా? నేను అమ్ముకుంటాండానా?" మారెక్క గొంతుకు కిటికీ అద్దం అదిరింది. "ఈడే ఉండు. కదిలితే చూడు."

ఆమె ఇల్లు రెండు వీధుల అవతల. పావుగంటలో రొప్పుతూ వచ్చింది. చంకలో పాత పౌడర్ డబ్బా. దాన్ని డాక్టరు బల్ల మీద బోర్లించింది. మాత్రలు. కొన్ని రేకుల్లో, కొన్ని కాగితం పొట్లాల్లో.

"ఎంచుకో. ఒక్కటి అమ్మింటే నా చెయ్యి నరుకు. మందు పారేస్తే పాపమని దాచిపెట్టినా. లేనోళ్లకు ఇస్తారులే అనుకుంటి."

లెక్కపెట్టాను. డెబ్బై ఎనిమిది. "చూశారా, మింగలేదు" అన్నాడు డాక్టరు, కేసు గెలిచినట్టు. తొమ్మిది నెలల్లో మొదటిసారి నేను అడగాల్సింది అడిగాను.

"ఇవి యా దినాలవి మారెక్కా?"

"ఒక్కపొద్దు దినాలవి. ఇంకేం దినాలవి?"

పెళ్లి కాకముందు నుంచీ శనివారం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా ఏమీ ముట్టదు. పొద్దు గుంకి దీపం పెట్టాకే ముద్ద తింటుంది. "పొద్దున తినకుండా మింగద్దంటివి. సాయంత్రం మింగనే వద్దంటివి. మరి యాడ మింగాల? సారు మొదటి తూరి తిట్టినంక శివునికి సోమవారం గూడా పట్టినా. రెండో తూరి తిట్టినంక మారెమ్మకు శుక్రవారం. రోగం తగ్గాలనే గదా!"

మేం తిట్టిన ప్రతిసారీ వారానికి ఇంకొక మాత్ర తగ్గింది. అది తగ్గేకొద్దీ జబ్బు పెరిగింది. పెరిగేకొద్దీ మేం ఇంకా తిట్టాం. నేను చెప్పిన ఒక్క మాట కూడా ఆమె జవదాటలేదు.

డాక్టరుది బెంగళూరు. ఆయనకు తెలియదని ఒప్పుకుంటాను. నాకేం రోగం? నేను ఈ ఊరిదాన్ని. మా అమ్మ శాంతమ్మ కూడా శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఆమె బీపీ మాత్రను ఆ రోజు రాత్రికి మార్చింది నేనే. అమ్మను అడగకుండానే మార్చాను, ఇంట్లో మనిషి కాబట్టి. ఆసుపత్రిలో తెల్లకోటు తొడుక్కోగానే ఆ తెలివి ఎక్కడికి పోయింది?

"ఆ ఉపవాసాలన్నీ మానేయ్" అన్నాడు డాక్టరు.

"మానను."

"మానొద్దులే మారెక్కా" అన్నాను. "ఏడు దినాలూ సాయంత్రం ముద్ద తిన్నాకనే మింగు. పొద్దున మాట మర్చిపో." డాక్టరు వైపు చూశాను. సరే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఫారం చింపేశాను. క్షమించమని ఆయన అనలేదు. నేను అన్నాను గానీ, అప్పటికే మారెక్క డబ్బా చంకన పెట్టుకుని గడప దాటింది.

మళ్లీ మూడు నెలలకు పరీక్ష. నివేదిక ముందే నా చేతికి వచ్చింది. జబ్బు దిగింది, బాగా దిగింది. మాత్ర ఇంకా పనిచేస్తోంది.

డాక్టరు కంప్యూటర్‌లో చూసి నవ్వాడు. "గుడ్. ఇప్పుడు బుద్ధిగా మింగుతున్నావన్నమాట."

మారెక్క నీలం వేళ్లతో కొంగు బిగించి లేచింది. "అప్పుడూ బుద్ధిగానే మింగినా సార్. మీరు చెప్పినట్లే మింగినా. అందుకే చచ్చేదాన్ని."

ఆయన మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు. తర్వాతి పేరు పిలవడానికి నేను గుమ్మంలోకి వచ్చాను. పంచలో ఇంకా అరవై మంది కూర్చుని ఉన్నారు. వాళ్లను మేం ఏమేం అడగలేదో నాకు తెలియదు.