అరటికాయల గొంతు, వోల్టులు తగ్గే బోర్డు

మా ఊరు సాంతియాగోలో యోకాస్తా వదిన మొహం తెలిసినవాళ్ళు నలభై మంది ఉంటారేమో. గొంతు తెలియనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. "కూరరటికాయలమ్మా, వంద పెసోలకి ఆరు, పచ్చివి, లావువి, రండమ్మా రండి!" అని ఊళ్ళో తిరిగే పన్నెండు ట్రక్కుల మైకుల్లోంచి పొద్దున్నే మమ్మల్ని మంచం మీంచి లేపేది ఆవిడే. ఇరవై రెండేళ్ళు చుట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. హాలు ఆ చివర ఉన్నవాళ్ళని మంచినీళ్ళు అడిగితే ఈ చివర మేస్త్రీ ఉలిక్కిపడేవాడట. చేతి వేళ్ళ నొప్పులు మొదలై ఆ పని మానేశాక, ఆ గొంతే ఆవిడకి బతుకుతెరువైంది.

నా పేరు దిగ్నోరా. పక్కిల్లే మాది, ముందు గదిలో జుట్టు సెలూన్ నడుపుతాను. ఆవిడ కూతురి బాప్తిస్మానికి జ్ఞానతల్లిగా నిలబడ్డది నేనే, అందుకే ఒకరినొకరం వదినా అనుకుంటాం.

ఆవిడ స్టూడియో అంటే బట్టల బీరువా. గౌన్ల మధ్య మైకు పట్టుకుని దూరి, చెమటలు కక్కుతూ చదువుతుంది. బయట కంప్యూటర్లో దానికి బూర మోత, బాజా, ప్రతిధ్వని కలుపుతుంది. చిక్కల్లా ఏమిటంటే, కరెంటు ఉన్నంతసేపూ మా పేటలో ప్రతి ఇంట్లో పాటలు హోరెత్తిపోతుంటాయి. రికార్డింగు చేసుకోవాలంటే కరెంటు పోవాల్సిందే. పోగానే వదిన ఇన్వర్టర్ మీద కంప్యూటర్ పెట్టి, బీరువాలోకి దూకుతుంది. కరెంటు పోతే సంబరపడే మనిషిని నేను మా వదిననే చూశాను.

కిందటి మార్చిలో ట్రక్కులవాళ్ళ పెద్ద ఎల్పిదియో మా సెలూన్ ముందు నుంచే ఆవిడ ఇంట్లోకి దూసుకెళ్ళాడు. నేనూ దువ్వెనతో సహా వెనకే వెళ్ళాను.

"ఏం చేశావు తల్లీ నా వ్యాపారాన్ని? నీ గొంతు వినగానే ఆడాళ్ళు బయటికి రావాలి కదా? లోపలికి పరిగెడుతున్నారు!"

"నా గొంతుకేమైందయ్యా?"

"గొంతుకేం కాలేదు. దాని వెనక పీ... పీ... అని ఆ కూత ఏమిటి?"

అప్పుడు రికార్డింగు మళ్ళీ పెట్టి విన్నాం. వదిన ఇన్వర్టర్ కూత! బ్యాటరీలు ముసలివి, కంప్యూటర్ గుంజుకునే కరెంటుకి తట్టుకోలేక కూసింది. రోజూ వినే మోత కాబట్టి ఆవిడ చెవికి ఎక్కలేదు. అది కాస్తా పన్నెండు మైకుల్లో పడి ఊరంతా తిరిగింది. విన్న ప్రతి ఇల్లాలూ తన ఇన్వర్టరే చచ్చిపోతోందనుకుని ఫ్రిజ్జు ఆపడానికి పరుగో పరుగు. నేను మూడు రోజులపాటు తడి తలల మీద డ్రయ్యరు ఆపేసి, మా ఎలక్ట్రీషియన్ని తిట్టిపోశాను. ఇప్పుడు నవ్వాపుకోలేక తలుపు పట్టుకున్నాను.

ఎల్పిదియో నవ్వలేదు. "శనివారానికి శుభ్రమైన రికార్డింగు ఇవ్వు. లేదంటే ఇదిగో, మా అల్లుడు మిషను గొంతు చేసి పెట్టాడు" అని ఫోను నొక్కాడు. "గౌరవనీయులైన వినియోగదారులకు విజ్ఞప్తి, అరటికాయలు అందుబాటులో ఉన్నవి" అంది ఫోను, బ్యాంకులో టోకెను నంబరు పిలిచినట్టు.

అతను వెళ్ళాక వదిన తిడుతుందనుకున్నాను. వెళ్ళి బీరువా తలుపులు మూసేసింది. అది చూసి నాకు భయమేసింది. ఆ గొంతు వీధుల్లోంచి పోతే మా వదిన సగం మనిషైపోతుంది.

కొత్త బ్యాటరీలు కొనే స్తోమత లేదు. రెండు రోజులు కంప్యూటర్ ఆటల పిచ్చివాళ్ళ వీడియోలు చూసి, మూడోనాడు నా కుర్చీలో కూర్చుని చెప్పింది: "నా కంప్యూటర్ చిప్పు మంచిదే వదినా. కంపెనీవాళ్ళు పెద్ద చిప్పుకీ చిన్న చిప్పుకీ ఒకే నిండు కంచం వడ్డిస్తారు, అంతే. వోల్టులు కాస్త కోసేస్తే అదే పని చేస్తుంది, తక్కువ తింటుంది, చల్లగా ఉంటుంది. ఆ చిప్పు కూర్చునే బోర్డే మొండిది, కొయ్యనివ్వదు. బోర్డు మార్చాలి."

"నీకేం తెలుసే బోర్డుల గురించి?"

"సెలూన్ పెట్టేదాకా జుట్టు రంగుల గురించి నీకేం తెలుసు?"

సెలూన్ మూసి ఆవిడ వెంట వెళ్ళాను. ఆవిడ చంకలో పసిబిడ్డలాగా పాత కంప్యూటర్. కంప్యూటర్ల కొట్టు యజమాని రదామెస్ రంగురంగుల దీపాలు వెలిగే బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"దీన్లో వోల్టులు ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు పిన్నీ!"

"నాకు తగ్గాలి."

"తగ్గడమా? కొట్టు పెట్టిన ఈ పదేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు."

"అడిగాను కదా ఇప్పుడు. నా చిప్పు దీంట్లో పెట్టి వెలిగించి చూపించు."

సణుక్కుంటూనే పెట్టాడు. వోల్టుల వరస తెరమీద కనిపించింది కానీ బూడిద రంగులో ఉంది. ఎంత నొక్కినా కదల్లేదు. ఆవిడ చిప్పుకి అక్కడ తాళం వేసి ఉందట. చవక బోర్డు పెడితే అసలు ఆ వరసే లేదు. రదామెస్ నుదురు తుడుచుకుని, లోపలి అర మీంచి దుమ్ము పట్టిన పాత బోర్డు తెచ్చాడు. దీపాల్లేవు, షోకుల్లేవు. వెలిగించాడు. వోల్టుల వరస తెల్లగా, కదిలేలా ఉంది. పక్కన మైనస్ గుర్తు.

ఆ గుర్తు చూసిన సంతోషంలో వదిన తనకి తెలియకుండానే మైకు గొంతు ఎత్తింది. "మైనస్ యాభైయమ్మా! మైనస్ డెబ్భై! తగ్గుతోంది, తగ్గుతోంది, రండమ్మా రండి!"

కొట్టంతా ఇటు తిరిగింది. "అయ్యబాబోయ్, అరటికాయలావిడ!" అని ఒకామె ఛార్జరు వదిలేసి వచ్చింది. "ఇవాళ కాయలు లావుగా ఉన్నాయా?" అని ఇంకొకామె అడిగింది. వీధిలోంచి మనుషులు లోపలికి వచ్చేశారు. రదామెస్ బల్ల ఎక్కి అందర్నీ తప్పుకోమని అరిచాడు. వదిన సిగ్గుతో ఎర్రబడి, డబ్బు బల్ల మీద, కంప్యూటర్ నా చేతుల్లో పెట్టి, బోర్డుని పొట్టకి హత్తుకుని బయటపడింది.

ఇంటికొచ్చి బోర్డు బిగించాక, అత్యాశకి పోయి వోల్టులు మరీ తగ్గించేసింది. 'అరటి' అనేలోపు కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఒక మెట్టు ఎక్కించింది, మళ్ళీ బిగుసుకుంది. ఇంకో మెట్టు ఎక్కిస్తే నిలబడింది. ఎంత చడీచప్పుడు లేకుండా ఉందంటే, ఫ్యాను తిరుగుతోందో లేదో వేలు పెట్టి చూడాల్సి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోయింది. వీధి చప్పబడింది. ఎల్పిదియో ఇన్వర్టర్ ఎదురుగా కుర్చీ వేసుకుని, నేనిచ్చిన కాఫీ పట్టుకుని, కూత కోసం చెవులు రిక్కించాడు. బీరువాలోంచి వదిన మొదలెట్టింది. ధర చెప్పింది, పచ్చివంది, లావువంది. ఇన్వర్టర్ కిక్కురుమనలేదు. "రండమ్మా రండి!" అన్న ఆఖరి మాట నోట్లోంచి ఊడిపడిందో లేదో, కరెంటు వచ్చింది.

అంతే, పేటంతా ఒక్క గొంతుతో "వచ్చిందీ!" అని అరిచింది. పిల్లలు, ముసలాళ్ళు, డాబాల మీదివాళ్ళు, అందరూ.

వదిన బీరువాలోంచి జుట్టు చెరిగి బయటికొచ్చింది. "పాడుచేశారు ముండమోపులు! చెరిపేస్తాను, మళ్ళీ చేస్తాను..."

ఎల్పిదియో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "చెరిపావంటే ఊరుకోను. ఆ అరుపు ఉండనీ, అది విని బయటికి రానివాళ్ళుండరు." మా కళ్ళ ముందే ఫోను తీసి మిషను గొంతు తుడిచేశాడు.

సోమవారం మొదటి ట్రక్కు మా వీధిలోకి వచ్చింది. పాటల హోరు మీంచి వదిన గొంతు, దాని వెనకే పేటంతా వేసిన ఆ కేక. విన్న ప్రతి ఇంట్లోంచీ ఎందుకో ఏమిటో తెలియకుండానే "వచ్చిందీ!" అని బదులు లేచింది. తలుపులు తెరుచుకున్నాయి. నేనూ, తలనిండా రోలర్లతో ఉన్న నా కస్టమరూ నవ్వుకుంటూ రోడ్డెక్కాం.

వదిన తన గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏడుస్తున్నావా వదినా?"

"చూడవే, ఊరు నాకు జవాబు చెబుతోంది. ఆ మిషనుకి చెబుతుందా?"

ఆవిడ నిజంగానే ఏడుస్తోంది. నాకూ ఆగలేదు. ఇద్దరం వాటేసుకుని నవ్వుతూ ఏడుస్తుంటే, మా కస్టమరు మాత్రం ట్రక్కు ఎక్కి లావు కాయలు ఏరుకుంటోంది.