నాదర్‌గుల్ తేనె, కొత్తపేట చెంబు

రాసుకో బిడ్డా, నేను చెప్పినట్టే రాయి. తేనెను పరీక్షకు ఇవ్వాలనుకునేవాళ్లు ఎవరైనా చదివితే ముందే జాగ్రత్త పడతారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నాదర్‌గుల్‌లో మన చెలక భూమిని ఆనుకుని పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు పెట్టారు. ఆ ఎండాకాలానికే ఈగలు పోయి మీ తాత తేనెపెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. నీ చెల్లె రక్తంలో సీసం ఉందని దవాఖానలో తేలింది. షెడ్డు యజమాని మాత్రం, "పోరి ఏ బొమ్మ రంగు నాకిందో" అని నవ్వాడు. మన తేనెటీగలు వాలింది ఆ షెడ్డు చుట్టూ ఉన్న పూలమీదే. తేనెలో సీసం ఉన్నట్టు కాగితం తెస్తే షెడ్డు మూయిస్తామన్నారు కాలుష్యం ఆఫీసులో. మిగిలింది ఒక్క గాజు బాటిల్ తేనె.

పొద్దున ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్ ల్యాబ్‌కు బయలుదేరాను. "ఒడిల పెట్టుకో, కింద పెట్టకు" అన్నాడు తాత. బడంగ్‌పేట్ దాకా షేరాటో, అక్కడినుంచి బస్సు. పక్క సీటులో కొత్తపేటలో ఉండే గుంటూరావిడ, చేతిలో తళతళలాడే ఇత్తడి చెంబు.

"మా దగ్గర చెంబు లోపల తగరం పూసి కళాయి పెట్టేవాడే దొరకడు వదినగారూ. ఇంతదూరం రావాల్సొచ్చింది."

"రేపు రాష్ట్రమొస్తే చెంబు పట్టుకోని గుంటూరు పోతవా ఏంది?"

"మీ ఇంటికే వస్తాను" అంటూ నా జొన్నరొట్టెలో సగం తినేసింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు ఆపేశారు. ముందు ఊరేగింపు ఉందట. నడిచిపోయేవాళ్ల సంచులు వెతుకుతున్న కానిస్టేబుల్ నా బాటిల్ పైకెత్తి చూశాడు.

"తేనె బిడ్డా, పరీక్షకు తీస్కపోతున్న."

"ఏదన్న గానీ అమ్మా, గాజు బాటిల్ అవతలికి పోదు. మొన్న గివే ఇసిరిన్రు."

వెనక్కి పోదామంటే మళ్లీ ఎప్పుడు బస్సులు తిరుగుతాయో తెలియదు. గుంటూరావిడే చెంబు ముందుకు చాపింది. "ఇందులో పోసుకోండి. కొత్త కళాయి, ఇంకా మంచినీళ్లు కూడా పొయ్యలేదు. వెళ్లేటప్పుడు ఇచ్చేద్దురుగాని."

కొంగు కప్పి పట్టుకుని నడిచాను. కొత్తపేటలో తన ఇల్లు చూపించి ఆమె ఆగిపోయింది. పన్నెండు దాటాక దిల్‌సుఖ్‌నగర్ చేరాను. దుకాణాలు మూసే ఉన్నాయి. సందులో, రెండో అంతస్తులో ల్యాబ్. అక్కడి అమ్మాయి చెంబును వెలుతురుకు వంచి లోపలికి చూసింది.

"కళాయి పెట్టే తగరంల సీసం కలుపుతరు అమ్మమ్మా. తేనె పులుపు, దాన్ని గుంజుకుంటది. మేం వెతికేది కంటికి కూడా ఆనదు. ఇప్పుడు సీసం కనబడ్డా షెడ్డుదో, చెంబుదో ఎట్ల చెప్పాలె? ఇంకో బాటిల్ తెండి."

"ఈగలుంటే గద బిడ్డా."

తేనె వాళ్ల సింకులోనే ఒంపేశాను. చిక్కటి తేనె, తొందరగా పోలేదు.

తిరుగుదారిలో కొత్తపేటలో ఆగి చెంబు తోమి ఇచ్చాను.

"పనైందా వదినగారూ? మా చెంబు అచ్చొచ్చిందా?"

"అచ్చొచ్చింది వదినా. ఇందుల పులుపు మాత్రం ఉంచకు."

ఆ చెంబుతోనే మంచినీళ్లు ఇచ్చింది. తాగాను.

చీకటిపడే వేళకు నాదర్‌గుల్ చేరాను. తాత ఖాళీ పెట్టెల దగ్గర నిలబడి ఉన్నాడు. నా ఖాళీ చేతులు చూశాడు. ఆ దారంతా నాకు చెడ్డమనిషి ఒక్కడూ ఎదురుపడలేదు బిడ్డా. అది కూడా రాయి.

ఇక చాలు. లేచి కిటికీ మూసిరా, షెడ్డు పొగ మొదలైంది.