పార్టిషన్ తీయించమన్నారు

2006 ఏప్రిల్ నాటికి నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ట్రావెల్ ఆఫీసులో సీనియర్ టూర్ ఎగ్జిక్యూటివ్‌ని. హోదా పేరు పొడుగే కాని, జూనియర్లంటూ ఎవరూ లేరు. మేనేజరు గారి తర్వాత ఆఫీసులో మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి సీనియర్‌నయ్యాను. 1991లో టికెట్ల గుమస్తాగా చేరినప్పుడు విమానం టికెట్లు చేత్తో రాసేవాళ్ళం. వెనక ఎర్ర కార్బన్ ఉండేది, అది వేళ్ళకి అంటేది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఆ ఎరుపు వేళ్ళు దిగి కళ్ళలోకి ఎక్కింది.

ఆ వేసవిలో సింగపూర్ నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణానికి ముప్పై మందిని తీసుకెళ్ళే పని నాకు అప్పగించారు. మా భాషలో దీన్ని ఎస్కార్టు డ్యూటీ అంటారు. పాస్‌పోర్టుల దగ్గర నుంచి పెద్దవాళ్ళ వేణ్ణీళ్ళ దాకా అన్నీ ఎస్కార్టే చూడాలి. అప్పటికి ఓడల్లో నా అనుభవమల్లా భవానీ ద్వీపానికి లాంచీలో వెళ్ళి రావడం.

ఆ ముప్పై మందిలో ఆరుగురు రత్తయ్య గారి కుటుంబం. ఆయనకి ఆటోనగర్‌లో లారీలకి, ట్రాక్టర్లకి విడిభాగాలు అమ్మే షాపుంది. కొడుకులు ప్రసాద్, కిశోర్ ఇద్దరూ అందులోనే. పెద్దకోడలు పద్మ, చిన్నకోడలు సునీత. చిన్నపిల్లల్ని మైలవరంలో పద్మ గారి పుట్టింట్లో దించి వస్తామన్నారు.

టికెట్లు ఖాయమైన వారానికి రత్తయ్య గారి భార్య తులసమ్మ గారు ఒక్కరే ఆటోలో ఆఫీసుకి వచ్చారు.

"మూర్తిగారూ, మావాళ్ళిద్దరికీ పక్కపక్క గదులేనా?"

"పక్కపక్కనేనండీ. రెండిటికీ సముద్రం వైపు బాల్కనీ ఉంది."

"ఆ బాల్కనీలు కలవాలండీ. ఇంట్లో మేడ మీద ఇద్దరికీ వరండా ఒకటే. అక్కడే అందరం కాఫీలు తాగేవాళ్ళం. ఏడాదైంది, ఒకడు లేచేసరికి ఇంకొకడు షాపుకెళ్ళిపోతాడు. పోట్లాడుకుంటే సర్దిచెబుదును. పోట్లాడుకోరు కూడా. ఇల్లు రెండు ముక్కలవుతుందేమోనని నా భయం. ఆ మూడు రోజులైనా ఒకచోట కూర్చోబెట్టండి." వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆయనకి చెప్పకండి, వెళ్ళాక చూస్తారు" అన్నారు.

ఇక్కడ కొంచెం వృత్తి సంగతి చెప్పాలి. ఓడలో పక్కపక్క బాల్కనీల మధ్య నిలువెత్తు పలక ఒకటి ఉంటుంది. దాన్ని మేం పార్టిషన్ అంటాం. కొన్ని గదుల్లో అది కదలదు. కొన్నిటిలో తాళం తీసి గోడకి ఆనించవచ్చు. అలా తీయాలంటే ముందుగా ఓడ కంపెనీకి రిక్వెస్టు పెట్టాలి. రిక్వెస్టంటే మనం అడిగామని అర్థం, వాళ్ళు ఇచ్చారని కాదు. ఓడ ఎక్కాక రెండు గదులవాళ్ళూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టాలి. అప్పుడే గదులు చూసే ఉద్యోగి, అంటే స్టూవర్డు, వచ్చి తాళం తీస్తాడు.

రిక్వెస్టు పెట్టి, ఆ మాట చెబుదామని వాళ్ళింటికి ఫోన్ చేశాను. పద్మ గారు ఎత్తారు.

"అమ్మగారితో చెప్పండి, పార్టిషన్‌కి కాగితాలు పెట్టేశాను. షిప్పు మీదే అయిపోతుంది. అన్నదమ్ములిద్దరూ సంతకాలు పెడితే చాలు."

అవతల కాసేపు మాట లేదు. "అత్తయ్యగారు చెప్పారాండీ?"

"స్వయంగా వచ్చి చెప్పారండీ. మావయ్యగారికి మాత్రం తెలియనివ్వద్దన్నారు."

పని చక్కబెట్టానన్న తృప్తితో ఫోన్ పెట్టేశాను. కృష్ణా జిల్లాలో పార్టిషన్ అంటే అన్నదమ్ముల ఆస్తి పంపకాలు. ఇంకో అర్థం ఉందని చెప్పినా ఎవరూ నమ్మరు. మా సొంత చిన్నాన్నలు ఆ మాట మీద పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. నాకు తెలియని మాట కాదు. ఆ పూట తట్టలేదు, అంతే.

చెన్నై విమానాశ్రయంలో లైన్లో నిలబడ్డప్పుడు ప్రసాద్ గారు నా పక్కకి వచ్చారు. చంకలో ఆకుపచ్చ ఫైలు.

"మూర్తిగారూ, సముద్రం మీద పెట్టిన సంతకం చెల్లుతుందాండీ?"

"కెప్టెన్ చేయించిన పెళ్ళిళ్ళే చెల్లుతాయంటారు, సంతకం చెల్లదాండీ?" అన్నాను. నా జోకులకి నవ్వకపోవడం మా ఆవిడ దగ్గర అలవాటే కాబట్టి, ఆయన నవ్వకపోయినా పట్టించుకోలేదు.

ఓడ కదిలేముందు అందరికీ ప్రమాద సూచనల డ్రిల్లు ఉంటుంది. నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడిగి డెక్కు మీద వరసగా నిలబెట్టారు. తులసమ్మ గారికి కుడివైపు పెద్దకొడుకు, ఎడమవైపు చిన్నకొడుకు. ఇద్దరూ చెరో వైపు సముద్రాన్ని చూస్తున్నారు. ఆవిడ నన్ను కళ్ళతోనే పిలిచి, "ఇంకా తీయలేదేంటండీ?" అన్నారు. గంటలో తీయిస్తానని మాటిచ్చాను.

సాయంత్రం ఐదింటికి స్టూవర్డుని వెంటబెట్టుకుని ప్రసాద్ గారి తలుపు తట్టాను. "పార్టిషన్ కాగితం తెచ్చాడండీ. మీరూ తమ్ముడుగారూ చెరో సంతకం పెడితే అయిపోతుంది" అన్నాను. ఆయన వెనక్కి వెళ్ళి ఆకుపచ్చ ఫైలు తీసి చంకలో పెట్టుకున్నారు. "నాన్ననీ పిలవండి. అందరూ ఉండాలి" అన్నారు. ఇద్దరికని కట్టిన ఆ గదిలో కాసేపటికి నాతో, స్టూవర్డుతో కలిపి ఎనిమిదిమందిమయ్యాం.

"ఇంట్లో అడిగితే కాదనేవాణ్ణా నాన్నా?" అన్నారు ప్రసాద్ గారు. "ఎటూ లేచి వెళ్ళే వీల్లేకుండా నీళ్ళ మధ్యకి తీసుకొచ్చి సంతకాలు పెట్టిస్తావా?"

"దేనికిరా సంతకాలు?" అన్నారు రత్తయ్య గారు.

"తెలీనట్టు అడక్కు నాన్నా. నీకు తెలియకుండా అమ్మ ఏ పనీ చెయ్యదుగా," అన్నారు కిశోర్ గారు. "షాపు షిప్పులోనే పంచేస్తారని వదిన సునీతతో అప్పుడే చెప్పింది. అమ్మే వెళ్ళి కాగితాలు పెట్టించిందటగా."

తులసమ్మ గారు మంచం మీద కూలబడ్డారు. "నేనా? ఎవరన్నారు?"

"ట్రావెల్స్ ఆయనే ఫోన్ చేసి చెప్పారత్తయ్యా," అన్నారు పద్మ గారు.

అందరూ నా వైపు తిరిగారు. లైఫ్ బోట్లు ఎక్కడున్నాయో అంతకు కొద్దిసేపటి ముందే చూపించినందుకు ఓడవాళ్ళకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కాగితం చదివి అర్థం చెప్పాను. బాల్కనీ, పలక, తాళం. తెలుగు ఒక్క ముక్క రాని స్టూవర్డు మా మాటలు తెమలవనుకున్నాడేమో, నేరుగా బాల్కనీలోకి వెళ్ళి తాళం తిప్పి పలకని గోడకి ఆనించాడు. సంతకాలు లేకుండా తీయడం నిబంధనలకి విరుద్ధం. నేను అభ్యంతరం చెప్పలేదు.

"ఏవయ్యా మూర్తీ," అన్నారు తులసమ్మ గారు. ‘గారు’ అక్కడే ఓడ దిగిపోయింది. "నేను పార్టిషన్ తీయించమంటే నువ్వు పెట్టించావేవయ్యా!"

ముందు పద్మ గారు నవ్వారు, ఆ వెనకే సునీత గారు. రత్తయ్య గారు మాత్రం నవ్వలేదు. ఆయన పెద్దకొడుకు చంకలోని ఫైలునే చూస్తున్నారు.

"మరి ఆ ఫైల్లో ఏవుందిరా?"

ప్రసాద్ గారు ఫైలు తీసి మంచం మీద పెట్టారు. తర్వాత, "ట్రాక్టర్ పార్టులకి విడిగా షాపు పెడదామని నాన్నా. మైలవరం రోడ్డులో స్థలం చూశాను. రెండేళ్ళ నుంచి అడుగుదామని..." అన్నారు.

"రెండేళ్ళా?" అన్నారు కిశోర్ గారు. "నువ్వు ఫోన్లో ఎవరితోనో షాపు షాపంటుంటే నన్ను తప్పిస్తున్నావనుకున్నా కదన్నయ్యా! అందుకే నీ కంటపడకుండా తిరుగుతున్నా. లారీ పార్టులు నేను చూసుకోలేనా? ఒక్కమాట చెప్పొచ్చుగా."

"షాపులు రెండవుతాయి, సరే," అన్నారు రత్తయ్య గారు. "ఇల్లు?"

"ఇల్లెవడు అడిగాడు నాన్నా?"

తులసమ్మ గారికి అప్పుడొచ్చింది అసలు కోపం. "ఆ ముక్క ముందేడవచ్చు కదరా! ఏడాదిగా వరండాలో ఒక్కదాన్నే కూర్చుని చల్లారిన కాఫీ తాగుతున్నాను."

ఖాతాదారుల ఇంటి మాటల్లో ఎస్కార్టు నిలబడకూడదన్నది మా నియమం. అది చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది. స్టూవర్డుని తీసుకుని బయటికి వచ్చేశాను. తలుపు వేస్తుంటే కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు, దాని మీదుగా ఎవరు ఎటు కూర్చోవాలో చెబుతున్న తులసమ్మ గారి గొంతు వినిపించాయి. మర్నాడు పొద్దున కాగితం మీద సంతకాలు తీసుకోవడానికి వెళ్తే ఆరుగురూ బాల్కనీలోనే ఉన్నారు. నాక్కూడా ఒక కప్పు కాఫీ ఇచ్చారు. ప్రసాద్ గారు సంతకం పెట్టే ముందు కాగితం రెండుసార్లు చదివారు.

ఆ దసరాకి ట్రాక్టర్ పార్టుల షాపు తెరిచారు. ప్రారంభానికి వెళ్ళాను. తులసమ్మ గారు నన్ను చుట్టాలకి "మా పార్టిషన్ చేయించినాయన" అని పరిచయం చేశారు. మేడ మీద కాపురాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఎస్కార్టు తిరిగొచ్చాక ఇచ్చే నివేదికలో ఆ గదుల గురించి "బాల్కనీ రిక్వెస్టు నెరవేరింది" అని ఒక్క వాక్యం రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

రిటైరయ్యే దాకా ఆ తర్వాత ఒక పద్ధతి తప్పలేదు. రిక్వెస్టు ఎవరు పెట్టారో వాళ్ళకే జవాబు చెప్పాను, అదీ కాగితం మీద, "బాల్కనీల మధ్య పలక" అని తెలుగులో రాసి. వృత్తిలో మనం రోజూ వాడే మాటకి అవతలివాళ్ళ ఇంట్లో వేరే అర్థం ఉండవచ్చు. ఫోన్ పెట్టేసేముందు అవతల మాట ఆగిందంటే, ఎందుకు ఆగిందో అడగాలి.