డ్రాగన్ ఇచ్చిన కొసరు

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా పక్కింటి ఆంటీ కొసరు లేకుండా ఏదీ కొనేవారు కాదు. ఫార్మర్స్ మార్కెట్‌లో అమెరికన్ రైతు చేత కూడా సంచిలో నాలుగు మిరపకాయలు ఎక్కువ వేయించుకున్న మనిషి ఆవిడ.

శనివారాలు మేం నలుగురు ఫ్రెండ్స్‌మి పాచికలు వేస్తూ, రాజులూ రాక్షసులూ ఉండే కథల ఆట ఆడేవాళ్లం. ఒకసారి ఒకడు రాకపోతే ఆంటీని కూర్చోబెట్టి కావియార్ వర్తకురాలి పాత్ర ఇచ్చాం. కావియార్ అంటే ఆ లోకంలో రాజులు మాత్రమే తినే చేపగుడ్లు. ఆటలో మా దారికి అడ్డంగా డ్రాగన్ పడుకుని ఉంది. మా కత్తులన్నీ అప్పటికే విరిగాయి.

డ్రాగన్ తరఫున మాట్లాడేది ఆట నడిపే మా ఫ్రెండ్. ఆంటీ ఉత్త చేతినే చెంచాలా పట్టి వాడి నోటి ముందు పెట్టారు.

"రుచి చూడు నాన్నా, నచ్చితేనే డీల్."

వాడు లొట్టలేయగానే, లేని డబ్బాకి లేని మూత బిగించేశారు. "ఇంకా కావాలా? అయితే దారి వదులు."

వదిలాడు.

"మరి కొసరు?"

"ఆంటీ, డ్రాగన్‌ని కొసరు అడగడం రూల్స్‌లో లేదు!"

"అడగకూడదని ఉందా?"

ఆ డ్రాగన్ మమ్మల్ని వీపున ఎక్కించుకుని కొండ కూడా దాటించింది.

ఆంటీ పుట్టినరోజుకి అందరం కలిసి అసలైన కావియార్ చిన్న డబ్బా కొనిచ్చాం. కళ్లు మూసుకుని చాలాసేపు చప్పరించారు. నెమ్మదిగా మూత పెట్టేశారు.

"ఉత్త ఉప్పురా! దీనికోసమా, పాపం, ఆ డ్రాగన్ మనల్ని అంత దూరం మోసింది?"