వదిన పీకిన పైపు

గ్యారేజీలో టర్బో ఇంజన్లు ట్యూనింగ్ చేసే ఆవిడను అందరూ వదినా అనే పిలుస్తారు. ఆవిడకు మీటరు మీద నమ్మకం సగమే. ప్రతి పరుగు తర్వాతా స్పార్క్ ప్లగ్గు విప్పి, తాడు కట్టిన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, లోపల మంట సరిగ్గా ఉందో లేదో దాని తెల్లటి పింగాణీ రంగులో చూస్తుంది. చూసినంతసేపూ లవంగం నములుతూనే ఉంటుంది.

ఆ రోజు, కారు కదలకుండా చక్రాలు మాత్రం తిరిగే పరీక్ష రోలర్ల మీద ఉన్నది సొంత మరిది పందెం కారు. ఇంజన్లోకి నీళ్లూ మిథనాలూ కలిపి చిమ్మితే లోపలి వేడి తగ్గుతుంది. మిథనాలు కూడా మండేదే కాబట్టి ఆ మేరకు పెట్రోలు తగ్గించాలి. పోయినసారి ఇంకెవరో అలా తగ్గించి ఇస్తే, సగం దారిలో ఆ నీళ్ల ట్యాంకు ఖాళీ అయి పిస్టన్లు కరిగాయి. వదిన పెట్రోలు గోరంత గోరంత తగ్గిస్తూ వచ్చింది. పొద్దున్నుంచీ దగ్గుతున్న ఇంజన్ మధ్యాహ్నానికి గుక్క తిప్పుకోకుండా గర్జించింది. తెర మీద ఇంజన్ బలం చూపే అంకె ఎన్నడూ చూడనంత పైకి పోయింది.

మరిది తాళం కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చెయ్యి పక్కకు నెట్టి, నీళ్లు చిమ్మే పైపు ఊడబీకి, సీట్లో కూర్చుని పెడల్ అదిమి తొక్కింది.

"వదినా, మళ్ళీ కరిగిపోతుంది!"

వదిన ముందే అమర్చి పెట్టినట్టు, నీళ్లు రావడం లేదని ఇంజన్ కనిపెట్టింది. తనంతట తానే టర్బో లోపలికి తోసే గాలి తగ్గించుకుని బుద్ధిగా నెమ్మదించింది. పిస్టన్లు దెబ్బతినేముందు వినిపించే టకటక ఒక్కటి కూడా లేదు.

మరిది స్టూలు మీద కూలబడ్డాడు. "ముందే చెప్పొచ్చు కదా, గుండె ఆగినంత పనయింది."

"నేను ట్యూన్ చేసింది నీ గుండెను కాదుగా," అంటూ వదిన పైపు బిగించి తాళం విసిరింది. "పో. ఇప్పుడు తొక్కు, ఎవడు అందుకుంటాడో చూద్దాం."